మొక్కుకోడి ఈకలు

మంచాన పడ్డ మనిషికి పని చెప్పడం అందరూ మానేస్తారు. కాలు విరిగిన బాధ కంటే నాకు అదే ఎక్కువ కష్టమనిపించింది. అంతకుముందు వాకిట్లో అడుగుపెడితే చాలు, కట్టెలు కొట్టమనో, మేకను కట్టమనో, సంతకు బయలుదేరమనో ఎవరో ఒకరు పురమాయించేవారు. తొడలో రాడ్డు వేయించుకుని ఇంటికి వచ్చాక నన్ను చూడగానే అందరి గొంతులూ మెత్తబడిపోయేవి. పడుకో, పడుకో అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోయేది.

నేను పడింది మిరియాల కోతలో. మా కాఫీ మొక్కలకు నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల తీగలు పాకించుకుంటాం. కోతప్పుడు వెదురు నిచ్చెన వేసుకుని, నిచ్చెన అయిపోయాక కొమ్మలు పట్టుకుని పైదాకా ఎక్కాలి. మా ఇంట్లో ఎక్కేది నేనే. పక్క తోటల వాళ్లు కూడా ఎత్తు చెట్టు ఉందంటే నాకే కబురు పెట్టేవారు. చెట్టెక్కడంలో నాకు పేరుంది, అది చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. ఆ పొద్దున మంచుకు కొమ్మ తడిసి ఉంది. కాలు జారింది, చేతికి పట్టు దొరకలేదు. కింద నా భార్య గంపలోకి గుత్తులు ఏరుతోంది. ఆవిడ కేక విని చుట్టుపక్కల తోటల్లోని వాళ్లు పరిగెత్తుకొచ్చారు, డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. అక్కణ్ణించి అంబులెన్సు, విశాఖపట్నంలో పెద్దాసుపత్రి, ఆపరేషను.

మళ్లీ చెట్టెక్కగలనా అని డాక్టరును అడిగితే, ముందు నడవండి, తర్వాత చూద్దాం అన్నాడు. ఆ చూద్దాం నాకు నచ్చలేదు. వచ్చే మిరియాల కోతకు చెట్టు మీద ఉండి తీరతానని ఆసుపత్రి మంచం మీదే గట్టిగా అనుకున్నాను. పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరితోనూ అదే చెప్పాను. నా భార్యకైతే రోజూ చెప్పాను. ఆవిడ మా మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచి నా మొండితనం ఎరిగిన మనిషి. సరేలే బావా, ముందు గంజి తాగు అనేది.

మా ఇంట్లో ఫోనుకు సిగ్నల్ అందేది అరుగు మీద ఒక మూలన మాత్రమే. అందుకని మంచం అక్కడికి మార్పించుకున్నాను. అక్కడ పడుకుని వచ్చేపోయేవాళ్లను చూడడం, చూసి విసుక్కోవడం, విసుగెత్తాక ఫోను చూడడం. ఒకరోజు అందులో ఎక్కడో చలి దేశంలో ఉన్న తెల్లాయన కనిపించాడు. బల్ల ముందు కూర్చుని, చిన్న గేలపు ముల్లుకు దారం చుట్టి, దారం మీద కోడి ఈక చుట్టి, అచ్చం ఈగలాంటి దాన్ని తయారుచేశాడు. తర్వాత ఏటి ఒడ్డున నిలబడి దాన్ని నీళ్ల మీద వదిలాడు. చేప పైకి లేచి అందుకుంది. వానపాము లేదు, పిండి లేదు, ఒట్టి ఈకలు. ఆయన మాట్లాడింది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతులు మాత్రం అర్థమయ్యాయి.

గేలం వేయడం నాకు కొత్త కాదు. మా తోట దిగువన గెడ్డ, అంటే చిన్న కొండవాగు, ఉంది. దాంట్లో వానపాము గుచ్చి పరిగె చేపలు పట్టేవాణ్ణి. కాని ఎండలు ముదిరాక విత్తనాల పండగ అయ్యేదాకా మా ఊళ్లో ఎవరూ నేలలో గునపం దింపరు. ఆ రోజుల్లో భూమి పడుకుని ఉంటుందని మా పెద్దల నమ్మకం. తవ్వకూడదంటే వానపాములు లేనట్టే. అప్పుడు గేలం వేయాలనుకున్నవాళ్లు మిడతల్ని పట్టి గుచ్చుతారు. మిడతను పట్టాలంటే రెండు కాళ్లూ సరిగ్గా ఉండాలి. నాకున్నది ఒకటిన్నర. ఈకలతో ఈగను కట్టుకుంటే తవ్వే పనీ ఉండదు, గెంతే పనీ ఉండదు. పైగా గెడ్డ దాకా నడవడానికి నాకొక కారణం దొరుకుతుంది. చంకకర్రలు పెట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరగమని డాక్టరు చెప్పాడు గాని, ఎక్కడికీ పోని నడక నా వల్ల కాలేదు.

ఆ తెల్లాయన దగ్గర ముల్లును కరిచి పట్టుకునే ఇనుప సాధనం ఉంది. నేను పట్టకారు నోటికి ముల్లు కరిపించి, దాని పిడులు విడిపోకుండా సైకిలు ట్యూబు ముక్కతో బిగించి, పీటకు మేకులు కొట్టి నిలబెట్టాను. ఆయన దారపు ఉండ వేలాడే గొట్టానికి బదులు అయిపోయిన పెన్ను గొట్టం వాడాను. దారం జారకుండా ఆయన ఏదో పూశాడు. మన దగ్గర తేనెమైనం ఉండనే ఉంది. సన్న ముళ్లు మాత్రం ముంచింగిపుట్టు సంతలో కొనాల్సి వచ్చింది. నా భార్య వెళ్లింది. ఇంత చిన్న ముల్లుకు వానపాము ఎక్కదమ్మా అని షావుకారు అన్నాడట. మా ఆయన చేపలకు వానపాములు మానిపించి ఈకలు తినిపిస్తాడట అని ఈవిడ చెప్పింది. సంతంతా నవ్వించి వచ్చానని ఇంటికొచ్చి నాతో గొప్పగా చెప్పింది.

మొదట కట్టినవి ఈగలని నేను అనుకున్నాను, ఇంకెవరూ అనుకోలేదు. దారం బిగిస్తే తెగేది, బిగించకపోతే ఈక గిర్రున తిరిగిపోయేది. ఒకటి సరిగ్గా వచ్చిందని సంబరపడేలోగా ముల్లు కన్నం మైనంతో పూడుకుపోయి ఉండేది. గేలపు తీగ ఎక్కించడానికి చోటు లేక, కట్టిందంతా కోసి పారేసేవాణ్ణి. తోటపని చేసి కాయలు కాసిన వేళ్లు నావి. వాటికి ముల్లు కొన ఎక్కడుందో గుచ్చుకున్నాకే తెలిసేది. నా భార్య వంటింట్లోంచి వస్తూ ఒకదాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది.

"ఇదేటి బావా, బొద్దింకా?" అంది.

బొద్దింక కాదు, ఈగ అన్నాను. ఇంత లావు ఈగను చూస్తే చేప పారిపోతుంది అంది. నేను మళ్లీ మొదలుపెట్టాను. కోపం వస్తే నాకు పని బాగా సాగుతుంది. అందుకేనేమో ఆవిడ రోజూ ఏదో ఒకటి అనేది.

నేను వాడినవి వాకిట్లో రాలిన పెట్టల ఈకలు. మెత్తగా ఉండేవి. చెంబులో నీళ్లు పోసి వేస్తే తడిసి ముద్దయి మునిగిపోయేవి. తెల్లాయన ఈగ నీళ్ల మీద కాళ్లు చాపుకుని నిలబడేది. మళ్లీ మళ్లీ చూస్తే కిటుకు తెలిసింది. ఆయన వాడేది పుంజు మెడ ఈక. సన్నగా, బిరుసుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. చుడితే పోచలన్నీ విడివిడిగా లేచి నిలబడతాయి.

మా ఇంట్లో అలాంటి పుంజు ఒకటుంది. ఎర్రటి ఒళ్లు, మెడ మీద తేనె రంగు ఈకలు. నేను పడ్డ తర్వాత వచ్చిన కోడి అది. నా భార్య పుట్టింటి నుంచి తెచ్చింది. దాన్ని మిగతావాటితో కలవనిచ్చేది కాదు, వేరే గంప కింద పెట్టి సామలు వేసేది. రోగిష్టి మొగుడి కంటే కోడికే మర్యాద ఎక్కువైందని నేను దెప్పేవాణ్ణి. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఆవిడ మళ్లీ సంతకు వెళ్లిన రోజున నేను గంప ఎత్తాను. అరుగు అంచున కూర్చుని గుప్పెడు సామలు చల్లాను. పుంజు మంచి తిండిపోతు. దగ్గరికి రాగానే చంకకర్రతో అడ్డగించి ఒళ్లో పెట్టుకున్నాను. అది పెట్టిన గోలకు పక్కింటి కుక్క కూడా లేచింది. మెడ వెనక నుంచి ఓ గుప్పెడు పీకి వదిలేశాను. రెక్కలు దులుపుకుని నన్ను తిట్టుకుంటూ మళ్లీ సామల దగ్గరికే వచ్చింది.

ఆ సాయంత్రం లోపలే నేను మొదటిసారి నిజమైన ఈగను కట్టాను. ఈక మొదట్లో ఉన్న నూగు దువ్వి తీసేసి, కొన పట్టుకుని ముల్లు మీద నిలువుగా చుట్టుకుంటూ వచ్చాను. పోచలు లేచి నిలబడ్డాయి. ఒంటికి గోగునార చుట్టాను. చెంబు నీళ్లలో వేస్తే మునగలేదు. వేలితో నొక్కితే మళ్లీ పైకి తేలింది. నేనొక్కడినే ఉన్నా గట్టిగా నవ్వాను. పడ్డ తర్వాత నేను పూర్తిగా చేసిన మొదటి పని అదే.

ఆవిడ నెత్తి మీద మూటతో వాకిట్లోకి వచ్చింది. చెంబు చూపిద్దామని పిలిచాను. ఆవిడ చూపు మాత్రం పుంజు మీద పడింది. మెడ వెనక బోసిగా, ఎర్రగా ఉంది. మూట దించకుండానే అలా నిలబడిపోయింది. ఎవరు చేశారు అని అడగలేదు. నా పీట మీద పరిచిన తేనె రంగు ఈకలే చెబుతున్నాయి. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. మూట అరుగు మీద పెట్టి, పుంజును ఎత్తుకుని, మెడ నిమురుతూ గుమ్మంలో కూర్చుంది. కళ్లలో నీళ్లు. ఆసుపత్రిలో కూడా నేను ఆవిడ ఏడవగా చూడలేదు. నాకు భయమేసింది.

మర్నాడు పొద్దున్నే దిసారిని తీసుకొచ్చింది. దిసారంటే మా ఊళ్లో మంచి రోజులు చూసేది, పూజలు చేసేది ఆయనే. నాకు తాత వరస. నాకు నలభై దాటినా ఆయనకు గుంటణ్ణే. ఆయన నోటి నుంచే సంగతి తెలిసింది. నేను ఆసుపత్రిలో ఉండగా నా భార్య కొండదేవతకు మొక్కుకుంది. ఆ పుంజు ఆ మొక్కు తాలూకు కోడి. మొక్కుకోడికి ఒక్క ఈక పోకూడదు, ఒక్క గోరు విరక్కూడదు. ఎవరి కోసం మొక్కుకున్నారో వాళ్లకు మొక్కు తీరేదాకా చెప్పకూడదు, ఏం కోరుకున్నారో అప్పటిదాకా పెదవి దాటనివ్వకూడదు. ఇది మా ఇళ్లలో ఆడవాళ్ల కట్టుబాటు. చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? నేను అదే అడిగాను. తాత పట్టించుకోలేదు. పుంజును అటూ ఇటూ తిప్పి చూసి, నా పీట వైపు చూశాడు.

"అమ్మ కోడి మీద సెయ్యేసినావురా గుంటడా" అన్నాడు. "పీకిన ఈక మళ్లీ వత్తాది, దానికేటి గాని. మెడ నిండేదాకా కోడిని అమ్మ పట్టుకోదు. నీ కాడున్న ఈకలు నీవి కావు, అమ్మవి. వాటికి ఏటి సిక్కితే అది అమ్మకి తెచ్చి పెట్టు. విత్తనాల పండగ లోపల పెట్టు."

చేప చిక్కకపోతే ఏమవుతుందని అడిగాను. మొక్కు తీరనట్టే అన్నాడు. ఇలాంటి రూలు నేనెప్పుడూ వినలేదే అన్నాను. ఇలాంటి పని చేసినవాడు నీకు ముందు లేడు, అందుకే రూలు కూడా లేదు, ఇప్పుడు పెట్టాను అన్నాడు. నా భార్య అంతసేపూ ఆయన కాళ్ల వైపే చూస్తూ కూర్చుంది.

దేవతల మీద నాకు మరీ అంత పట్టింపు లేదు. పండగలకు దండం పెడతాను, ప్రసాదం తింటాను, అంతవరకే. కాని మొక్కింది నా కాలు కోసమేనని నాకు తెలుస్తూనే ఉంది. కాలు బాగుపడి నేను మళ్లీ చెట్టెక్కాలని ఆవిడ కోరుకుంది, దాన్ని నేనే నా చేత్తో చెడగొట్టుకున్నాను అనుకున్నాను. ఇంకొకరైతే దిగులు పడేవారు. నాకు పంతం వచ్చింది. ఈ ఈకలతోనే ఈగలు కట్టి, ఈ కాలితోనే గెడ్డకు దిగి, అమ్మ చేపను అమ్మకు ఇచ్చి, ఆ తర్వాత చెట్టెక్కుతాను అని తాత ముందే అన్నాను. ఆయన తల ఊపి, టీ తాగి వెళ్లిపోయాడు.

పుంజు మెడ మీద నుంచి ఇంకొక్క ఈక తీసే వీల్లేదు. ఉన్నవాటిలో చాలా వరకు చుట్టేటప్పుడు విరిగిపోయాయి. అందుకని ముందు పెట్టల ఈకలతోనే సాధన మొదలుపెట్టాను. దారం ఎంత బిగిస్తే తెగుతుందో వేలికి తెలిసేదాకా ఒట్టి ముల్లుకు చుట్టాను, విప్పాను, మళ్లీ చుట్టాను. చివరి ముడి నన్ను బాగా ఏడిపించింది. తెల్లాయన రెండు వేళ్లతో దారాన్ని మెలితిప్పి, దాని కిందికే దూర్చేస్తాడు. నేను చేస్తే అక్కడే ఊడిపోయేది. ఫోనులో ఆయన్ని ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ నడిపించి చూశాను. ఆయన చెయ్యి ఏ పక్క నుంచి తిరుగుతోందో పట్టుకున్నాక నా చెయ్యి అదే పక్క తిప్పాను. అప్పటికీ కొన్ని నిలిచేవి, కొన్ని ఊడేవి.

నా భార్య నాతో మాట్లాడడం తగ్గించేసింది. అన్నం పెట్టేది, మందులు ఇచ్చేది, పుంజుకు పసుపు రాసేది. వేళాకోళం మాత్రం లేదు. ఇల్లంతా బోసిగా అనిపించింది. బొద్దింక అంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఒక మధ్యాహ్నం నేను అమ్మ ఈకతో కడుతున్నాను. ఒక్కో పోచా చూసుకుంటూ చుడుతున్నాను. ఆవిడ చాట పట్టుకుని పక్కన వచ్చి కూర్చుంది. సామలు చెరుగుతూ చెరుగుతూ ఆగిపోయింది.

"మెడ కాడ లావైపోనాది" అంది.

నిజమే. ఈగ మెడ దగ్గర దారం ఎక్కువ చుట్టేశాను. ఒక్కో చుట్టూ విప్పాను. విప్పుతుంటే ఈక జారకుండా తన గోటితో నొక్కి పట్టుకుంది. ఆవిడ వేళ్లు నా వేళ్ల కంటే సన్నం. ఆవిడ పట్టుకుంటే నేను చుట్టాను. అది అయ్యాక ఆవిడే చెంబుతో నీళ్లు తెచ్చింది. ఈగ తేలింది. ఆవిడ మొహంలో కొంచెం వెలుగు కనబడింది. అప్పటి నుంచి అమ్మ ఈకను కట్టేటప్పుడల్లా పక్కన కూర్చునేది.

పనికొచ్చేవి మూడు తయారయ్యాయి. పుంజు మెడ మీద కొత్త ఈకలు ముళ్లలాగా పొడుచుకొస్తున్నాయి. ఒంటి చంకకర్రతో నేను వాకిలి దాటి, బావి దాటి, ఊరి చివరిదాకా వెళ్లొస్తున్నాను. పండగ దగ్గరపడింది. గెడ్డకు దిగుదామన్నాను.

మా తోట మధ్య నుంచి దిగితే గెడ్డ దగ్గర. ఆవిడ ఆ దారి పట్టలేదు. రాగి చేను చుట్టూ తిప్పి, ఊటనీళ్ల పక్కగా తీసుకెళ్లింది. కర్రతో నడిచేవాణ్ణి ఇంత దూరం తిప్పుతావా అని దారి పొడుగునా సణిగాను. అటు రాళ్లెక్కువ అంది. నాకు తెలిసి రాళ్లు ఇటే ఎక్కువ. మెడకు గుడ్డ కప్పిన పుంజును ఆవిడ చంకలో పెట్టుకుని నడిచింది. ఇంట్లో వదిలితే ఇంకెవరు పీకుతారోనని ఆవిడ భయం. పీకేవాణ్ణి పక్కనే ఉన్నానని నేను అనలేదు.

ఎండాకాలం గెడ్డ సన్నగా పారుతూ, రాళ్ల సందుల్లో మడుగులు కట్టి ఉంది. చెట్ల నీడ పడ్డచోట చారల పరిగెలు పైకొచ్చి పురుగుల్ని అందుకుంటున్నాయి. చూడగానే నా ఒంట్లో ప్రాణం లేచొచ్చింది. వెదురు గేలపు కర్రకు తీగ కట్టి, తీగకు మొదటి ఈగను కట్టి, తెల్లాయన చేసినట్టే వెనక్కి విసిరి ముందుకు వదిలాను. ఆయన వెనక ఖాళీ మైదానం. నా వెనక మద్దిచెట్టు. ఈగ దాని కొమ్మకు చిక్కింది. లాగితే తీగ తెగింది. అంత ఎత్తున అమ్మ ఈక తేనె రంగులో ఊగుతోంది. మామూలు రోజైతే ఎక్కి తెచ్చేవాణ్ణి. నేను పైకి చూస్తుంటే నా భార్య వచ్చి చెట్టుకూ నాకూ మధ్యన నిలబడింది. పోతే పోనీ బావా అంది.

రెండోదాన్ని వెనక్కి విసరలేదు. కర్ర ముందుకు చాచి మెల్లగా నీళ్ల మీద దించాను. పరిగె లేచింది. నేను గుంజాను. తీగ తేలికగా వచ్చేసింది. చూస్తే ఒట్టి ముల్లు, దాని చుట్టూ విడిపోయిన దారం. చివరి ముడి ఊడిపోయింది. నోటికొచ్చినవన్నీ తిట్టాను. ఆ ముడిని, ఆ తెల్లాయన్ని, నా వేళ్లను, చివరికి ఆ చేపను కూడా.

మిగిలింది ఒక్కటి. ఆవిడ గోటితో నొక్కి పట్టుకోగా కట్టినది. దాన్ని తీగకు రెండుసార్లు ముడివేసి, లాగి చూశాను. పరిగెలు బెదిరి అవతలి రాతి కిందికి పోయాయి. ఇవతలి ఒడ్డు నుంచి కర్ర అందదు. గెడ్డలోకి దిగాలి. నీళ్లు మోకాలి దాకానే, కాని అడుగున పాచి పట్టిన రాళ్లు. చంకకర్ర నీళ్లలో నిలబడదు. దాన్ని ఒడ్డున పడేశాను. ముందు మంచి కాలు దించాను. తర్వాత రాడ్డు వేసిన కాలు. పడ్డప్పటి నుంచి ఆ కాలి మీద నేను పూర్తి బరువు మోపలేదు. డాక్టరు మోపమన్నాడు, భయపడి నేనే మోపలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మోపక తప్పలేదు. తొడలో సలుపు పుట్టింది, కాలు వణికింది, కాని నిలబడింది. ఇంకో అడుగు వేశాను. అదీ నిలబడింది.

ఈగను రాతి అంచున దించాను. అది నీళ్లతో పాటు మెల్లగా జరిగింది. పరిగె లేచి మింగింది. ఈసారి గుంజలేదు. కర్ర కొన మాత్రం ఎత్తాను. బరువు తగిలింది. అరచెయ్యంత చేప, ఒంటినిండా చారలు, మూతి పక్కన అమ్మ ఈక. దాన్ని ఆవిడ తెచ్చిన కుండలోని నీళ్లలో వేసేదాకా నేను నవ్వుతూనే ఉన్నాను. ఒడ్డుకొచ్చి, చూశావా, కాలు నిలబడింది, మిరియాల కోతకు ఏ చెట్టు ముందు ఎక్కాలో ఇప్పుడే చెప్పు అన్నాను. ఆవిడ కుండ మీద ఆకు కప్పి, దాన్ని నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది.

పుంజు మెడ నిండిన రోజున, పండగకు ముందే, కొండదేవత రాళ్ల దగ్గరికి వెళ్లాం. కుండలో ఇన్నాళ్లూ నీళ్లు మార్చి కాపాడిన చేపను తాత అమ్మ ముందు పెట్టాడు. తర్వాత పుంజు ముందు బియ్యం పోశాడు. మొక్కుకోడి ఆ గింజలు తింటేనే అమ్మ ఒప్పుకున్నట్టు. పుంజు తల వంచి, ఇటు చూసి, అటు చూసి, గబగబా తినేసింది. తిండిపోతని ముందే చెప్పాను కదా. తాత పుంజును కోసి పని ముగించాడు. ఆవిడ నేలకు తల ఆనించి చాలాసేపు లేవలేదు.

అక్కడే వండుకుని తిన్నాం. తాత పక్క చెట్టు కింద కునుకు తీశాడు. మొక్కు తీరింది, ఇక చెప్పొచ్చు. కాలు బాగవ్వాలనే కదా మొక్కావు అని అడిగాను. పెద్ద సంగతేమీ కాదన్నట్టు, చెయ్యి కడుక్కుంటూ అడిగాను.

"కాలు సంగతి డాక్టర్ని అడిగినాను" అంది. "అమ్మని అది అడగలేదు."

మరేమడిగావు అన్నాను.

"నువ్వు మళ్లీ సెట్టెక్కకూడదని అడిగినాను."

నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది. చిన్న కోపం కాదు. ఎండాకాలమంతా వేళ్లు రక్తాలు కారేలా కట్టిన ఈగలు, పాచి రాళ్ల మీద మోపిన కాలు, అమ్మకిచ్చిన చేప, అంతా నాకు నేనే వేసుకున్న బేడీలా? నన్ను అడగకుండా నా చెట్టును నా నుంచి ఎలా తీసేస్తావు అన్నాను. రోజూ నేను చెప్పింది విని, సరేలే బావా అంటూనే ఈ పని చేశావా అన్నాను. నా గొంతు పెద్దదైంది. తాత కళ్లు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

ఆవిడ నేను అరవడం అయ్యేదాకా ఆగింది.

"పడతన్నప్పుడు నువ్వు కళ్లు మూసుకున్నావు బావా" అంది. "కింద నానున్నాను. నాను మూసుకోలేదు."

గిన్నెలు తీసుకుని గెడ్డకు కడగడానికి వెళ్లింది.

నేను దేవతకు భయపడే మనిషిని కాను. కాలు కూడా బాగుపడింది, కర్ర వదిలేశాను. ఎక్కుతానంటే ఎవరూ ఆపలేరు. ఆవిడ కూడా ఇంకొక్క మాట అనలేదు. మొక్కు ఆవిడది, చేప మాత్రం నాది. నా చేత్తో పట్టి, నా చేత్తో ఇచ్చినదాన్ని వెనక్కి ఎలా తీసుకోవాలో నాకు తెలియలేదు. చాలా రోజులు ఆ విషయం మీదే చిరాకు పడుతూ తిరిగాను. గెడ్డకు వెళ్లి ఈగలు వేశాను, చేపలు పట్టాను, చిరాకు తగ్గలేదు.

ఈ ఏడు మిరియాల కోతకు నా బావమరిది ఎక్కాడు. నడివయసు మనిషి, అలవాటున్నవాడే. నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాను. కోతలో కిందుండడం నాకు అదే మొదటిసారి. వాడు నిచ్చెన దాటి కొమ్మ మీదికి అడుగు వేశాడు, ఇంకో కొమ్మ మీదికి చెయ్యి చాచాడు. మంచుకు ఆకుల నుంచి నీళ్లు బొట్టు బొట్టుగా రాలుతున్నాయి. ఒక బొట్టు నా కంట్లో పడింది. తుడుచుకోలేదు. వాడు కిందికి దిగి నేల మీద రెండు కాళ్లూ ఆనించేదాకా నేను రెప్ప వేయలేకపోయాను.